తొమ్మిదో తరగతి అమ్మాయి సొంతంగా పరిశోధన వ్యాసం రాస్తానంటోంది, విశాఖలో ఎక్కడ మొదలుపెట్టాలి?

మురళీనగర్ నాన్న (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మాది విశాఖపట్నం. మా పెద్దమ్మాయి తొమ్మిదో తరగతి, స్టేట్ సిలబస్, ఇంగ్లీష్ మీడియం. దసరా సెలవుల్లో బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంకి తీసుకెళ్ళాను. 1942లో జపాన్ విమానాలు మన ఊరి మీద వేసిన బాంబు ఒకటి అక్కడ పెట్టారు కదా, దాని దగ్గర నుంచి ఎంతకీ కదల్లేదు. ఇంటికి రాగానే వాళ్ళ నానమ్మని పట్టుకుంది. మా అమ్మ అప్పటికి పుట్టలేదు గానీ, వాళ్ళమ్మ చెప్పినవి విని ఉంది. ఒన్‌టౌన్‌లో వీధులకి వీధులు ఖాళీ అయిపోయాయట. వీళ్ళ ఇంటివాళ్ళు పిల్లలతో, సామాన్లతో ఎడ్లబండెక్కి చోడవరం వైపు వెళ్ళిపోయారట.

ఇప్పుడు పాప దీని మీద "నిజమైన వ్యాసం" రాస్తానంటోంది. నిజమైనది అంటే ఏమిటని అడిగితే, "స్కూల్ ప్రాజెక్ట్‌లా కాదు నాన్నా" అంది. ఫార్మేటివ్‌లకి ప్రాజెక్ట్ వర్క్ అని ఇస్తారు. నెట్ సెంటర్‌లో నాలుగు పేజీలు ప్రింట్ తీసి, బొమ్మలు అంటించి, అట్ట మీద గ్లిట్టర్ పెన్‌తో పేరు రాసి ఇచ్చేస్తారు. తనకి అది నచ్చడం లేదు. హైదరాబాద్‌లో ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్ అనే విదేశీ సిలబస్) చదివే మా అన్నయ్యగారి అబ్బాయి 4,000 పదాల వ్యాసం రాస్తున్నాడని విని, తనూ అంతే రాయాలంటోంది. "రెండో ప్రపంచ యుద్ధంలో విశాఖపట్నం" అని నోట్‌బుక్ మొదటి పేజీలో పేరు కూడా రాసేసుకుంది.

నేను కామర్స్ చదివినవాణ్ణి, చరిత్ర నాకు రాదు. తొమ్మిదో తరగతికి ఇది ఎక్కువ అవుతుందా? తెలుగులో రాయాలా, ఇంగ్లీష్‌లోనా? ఎవరినైనా గైడ్‌గా పెట్టాలా? నేను ఎంతవరకు సాయం చేయొచ్చు? వచ్చే ఏడాది పదో తరగతి అని మా ఆవిడకి అప్పుడే టెన్షన్ మొదలైంది. కానీ పాప కళ్ళల్లో ఉత్సాహం చూశాక వద్దనడానికి నోరు రావడం లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

సోషల్ టీచర్, రిటైర్డ్:

నమస్తే అండీ. జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో సోషల్ చెప్పి రిటైరయ్యాను. తొమ్మిదో తరగతి పిల్లలతో ఇలాంటి వ్యాసాలు రాయించాను కాబట్టి కాస్త వివరంగా చెప్తాను, ఓపిగ్గా చదవండి.

వయసు గురించి భయపడకండి. ఐబీ డిప్లొమాలో ఆ వ్యాసం అందరూ రాయాల్సిందే, 4,000 పదాలు దాటకూడదు. అంటే 4,000 అనేది పై హద్దు, అంత రాసి తీరాలని కాదు. అమెరికాలో విల్ ఫిట్జ్‌హ్యూ అనే హైస్కూల్ టీచర్ 1987లో ది కాంకార్డ్ రివ్యూ అని ఒక పత్రిక పెట్టారు. అందులో హైస్కూల్ పిల్లలు రాసిన చరిత్ర వ్యాసాలు మాత్రమే వేస్తారు, వాటికి పెద్దవాళ్ళ పుస్తకాల్లోలాగే ఆధారాల సూచికలు ఉంటాయి. మన దేశంలో 1993 నుంచి జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ నడుస్తోంది. 10 నుంచి 17 ఏళ్ళ పిల్లలు తమ ఊరి సమస్య ఒకటి తీసుకుని, వాళ్ళే కొలిచి, వాళ్ళే రాసి చెప్తారు. చరిత్రకి అలాంటి వేదిక మన పిల్లలకి లేకపోవడం నాకు చాలా కాలంగా బాధ. అయితే వ్యాసం రాయడానికి వేదిక అక్కర్లేదు.

అసలు సంగతి ఆ నోట్‌బుక్ మొదటి పేజీలో ఉంది. "రెండో ప్రపంచ యుద్ధంలో విశాఖపట్నం" అనేది ప్రశ్న కాదండీ, అది అధ్యాయం పేరు. దాన్ని పెట్టుకుని కూర్చుంటే పాప ఏం చేస్తుంది? ఇంటర్నెట్‌లో ఉన్న నాలుగు వ్యాసాల్లోని వాక్యాలే తిప్పి రాస్తుంది. గ్లిట్టర్ పెన్ ఒక్కటే ఉండదు, మిగతాదంతా ప్రాజెక్ట్ వర్కే. ఆ పేజీ చింపమని నేను చెప్పను. దాని కింద, తనకి నిజంగా జవాబు తెలియని చిన్న ప్రశ్నలు పది రాయమనండి. ఒక్కో ప్రశ్న పక్కన, దీనికి జవాబు ఎవరి దగ్గర ఉండొచ్చు, ఏ కాగితంలో ఉండొచ్చు అన్నది రాయాలి. అది రాయలేని ప్రశ్న కొట్టేయాలి. మిగిలినవాటిలో తనకి నిద్రపట్టనివ్వనిది తీసుకోవాలి.

మా బడిలో జాలరిపేట అబ్బాయి ఒకడు ఉండేవాడు. మొదట "మత్స్యకారుల జీవన విధానం" అని తెచ్చాడు. నేను ఏమీ అనకుండా, మీ వీధిలో నీకు అర్థం కానిది ఏమిట్రా అని అడిగాను. చాలాసేపు ఆలోచించి, "మా తాత దగ్గర తెప్ప ఉండేది, మా నాన్న దగ్గర ఫైబర్ బోటు ఉంది. మధ్యలో ఏమైంది మేడమ్?" అన్నాడు. అదీ ప్రశ్న! తాతల వయసు వాళ్ళని అడిగితే, తెప్పకి కావలసిన తేలిక కర్ర దొరకడం మానేసిందన్నారు. నాన్నల వయసు వాళ్ళు కర్ర సంగతి కాదు, తెప్పకి ఇంజిన్ కుదరదు, దూరం పోవాలంటే బోటే కావాలన్నారు. ఆడవాళ్ళని అడిగితే ఇంకోటి చెప్పారు. తెప్ప అయితే అన్నదమ్ములు సొంతంగా కట్టుకునేవారు, బోటుకి అప్పు చేయాలి, ఆ అప్పు ఇచ్చినవాడికే చేప అమ్మాలి అని. మూడు జవాబులు వచ్చేసరికి వాడు బెంబేలెత్తిపోయి, ఏది రైటో చెప్పమని నా దగ్గరకి వచ్చాడు. నేను చెప్పలేదు. ఒక ఇంట్లో పాత లెక్కల పుస్తకం దొరికితే, బోటు ఎప్పుడు కొన్నారో, కర్రకి చివరిసారి ఎప్పుడు డబ్బిచ్చారో పక్కపక్కన పెట్టి చూసుకున్నాడు. వ్యాసం ఏడు పేజీలు వచ్చింది, తెలుగులో. చివర్లో "ఇది ఒక ఇంటి లెక్క మాత్రమే, మా పేట మొత్తానికి ఇదే నిజమని నేను చెప్పలేను" అని రాశాడు. నేను నేర్పని వాక్యం అది. ఆ వాక్యం కోసమే నేను ఈ పని అంతా చేయించేదాన్ని.

మీ అమ్మాయి విషయానికి వద్దాం. ముందు గట్టిగా తెలిసినవి ఒక పేజీలో పెట్టుకోవాలి. దాడి జరిగింది 1942 ఏప్రిల్ 6, సోమవారం. ముందు రోజు ఈస్టర్ ఆదివారం, ఆ రోజు కొలంబో మీద దాడి చేశారు. 9న ట్రింకోమలీ. మన ఊరి మీదకి, కాకినాడ మీదకి వచ్చినవి ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు. అప్పటికి మన హార్బర్ తెరిచి తొమ్మిదేళ్ళు కూడా కాలేదు, 1933 డిసెంబరులో కదా ప్రారంభించింది. యుద్ధకాలంలో ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని కొన్నాళ్ళు గుంటూరుకి మార్చారు. ఇవి నేపథ్యం. వ్యాసంలో ఒకటిన్నర పేజీ మించకూడదు.

ఆ తర్వాత మీ అమ్మగారి దగ్గరకే వెళ్ళాలి. ఆవిడ చెప్పిన ఎడ్లబండి కథ చాలా విలువైనది. అయితే ఆవిడ కళ్ళతో చూసింది కాదు, విన్నది. పాప తన నోట్స్‌లో "చూసినవాళ్ళు", "చూసినవాళ్ళ నోట విన్నవాళ్ళు" అని రెండు రకాలుగా విడదీసి రాసుకోవాలి. అప్పుడు పదేళ్ళున్న పిల్లలకి ఇప్పుడు తొంభై దాటి ఉంటాయి. ఒన్‌టౌన్‌లో అలాంటి పెద్దవాళ్ళు ఎవరైనా ఉన్నారని తెలిస్తే సెలవుల దాకా ఆగకండి, ఈ ఆదివారమే తీసుకెళ్ళండి. ఆ ఇంట్లోవాళ్ళ అనుమతితో ఫోన్‌లో రికార్డు చేయండి. "భయం వేసిందా?" లాంటి ప్రశ్నలకి అవుననే జవాబు వస్తుంది. "ఆ పూట పొయ్యి మీద ఏముంది? తాళం ఎవరు వేశారు? ఆవుని ఏం చేశారు?" అని అడగమనండి. జ్ఞాపకం అక్కడి నుంచి కదులుతుంది.

భాష పాప ఇష్టం. నన్నడిగితే, నానమ్మ మాటలు నానమ్మ చెప్పినట్టే రావాలంటే తెలుగే మేలు. ఇంగ్లీష్‌లో కావాలంటే తర్వాత రాసుకోవచ్చు.

ఇక మీరు చేయగలిగినది: బండి మీద తీసుకెళ్ళడం, పెద్దవాళ్ళకి పరిచయం చేయడం, జెరాక్స్‌లకి డబ్బులివ్వడం, రాసింది చదివి "ఇది నీకెలా తెలుసు?" అని ప్రతి పేరాకీ అడగడం. వాక్యాలు దిద్దకండి. ఒక్క వాక్యం కూడా మీరు రాయకండి. గైడ్ కావాలంటే వాళ్ళ బడిలో సోషల్ టీచర్‌ని అడగండి. డబ్బు తీసుకుని వ్యాసం రాసిపెట్టేవాళ్ళు, దాన్ని ఎక్కడో అచ్చు వేయించేవాళ్ళు తయారయ్యారని వింటున్నాను. వాళ్ళ జోలికి వెళ్ళొద్దు. పిల్లలకి అంతకంటే అన్యాయం లేదు.

గాజువాక అమ్మ:

మేడమ్ చెప్పింది బాగుంది. కానీ తల్లిగా ఒక మాట. మా బాబు ఇప్పుడు పదో తరగతి. పొద్దున్న ఆరింటికి స్టడీ అవర్, రాత్రి ఎనిమిదికి ఇంటికి. ఇలాంటివి మొదలుపెడితే పిల్లలు అందులోనే ఉండిపోతారు, లెక్కల పుస్తకం ముట్టరు. మీ ఆవిడ భయం నాకు అర్థమవుతోంది. ఈ వ్యాసానికి మార్కులు రావు, కాలేజీ సీటు రాదు. వద్దనడం లేదు, పదో తరగతిలోకి వెళ్ళేలోపు ముగించేలా గడువు పెట్టండి. వేసవి సెలవులు అయ్యేసరికి ఎంత రాస్తే అంత, అక్కడితో ఆపేయాలి.

సోషల్ టీచర్, రిటైర్డ్:

గాజువాక అమ్మగారూ, గడువు ఉండాలన్న మాట నూటికి నూరుపాళ్ళు నిజం. గడువు లేని వ్యాసం పూర్తికాదు. ఇప్పటి నుంచి సంక్రాంతి దాకా ఆదివారాలు మాత్రమే, మనుషుల్ని కలవడానికి, కాగితాలు వెతకడానికి. పరీక్షల ముందు ముట్టుకోకూడదు. వేసవిలో రాయాలి, జూన్‌లో బడి తెరిచేలోపు ముగించాలి. కానీ మార్కులు రావు కాబట్టి ఉపయోగం లేదంటే మాత్రం ఒప్పుకోను. పదో తరగతి సోషల్‌లో మ్యాప్ చూసి, పట్టిక చూసి, పేరా చదివి మీ అభిప్రాయం రాయమని అడుగుతారు. గైడ్ బట్టీ పట్టినవాళ్ళు అక్కడే తడబడతారు. మీ బాబు స్టడీ అవర్లు చూస్తే నాకు దిగులుగా ఉంది, ఆ పిల్లాడికి ఆదివారమైనా కాస్త ఊపిరి తీసుకోనివ్వండమ్మా.

ఏయూ పీజీ:

నేను చరిత్ర విద్యార్థిని. 1942 మీద ఆన్‌లైన్‌లో దొరికేవి చెప్తాను. ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయం వాళ్ళది ట్రోవ్ అనే సైట్ ఉంది. అప్పటి పత్రికలు పేజీలకి పేజీలు ఉచితంగా చదవొచ్చు. విశాఖ, కాకినాడ దాడుల వార్తలు అందులో ఉన్నాయి. వెతికేటప్పుడు బ్రిటిష్ వాళ్ళు రాసిన పాత పేర్లు, విజగపటం (Vizagapatam), కొకనాడ (Cocanada) అని ఇంగ్లీష్ అక్షరాల్లో కొట్టాలి, వైజాగ్ అంటే పెద్దగా ఏమీ రాకపోవచ్చు. జపాన్ వైపు కాగితాలకి జపాన్ ప్రభుత్వం నడిపే జాకార్ అనే డిజిటల్ ఆర్కైవ్ ఉంది, అదీ ఉచితమే. అయితే పత్రాలు జపనీస్‌లో ఉంటాయి, పాపకి వివరణ పేజీల వరకే పనికొస్తుంది. తెలుగులో అప్పటి దినపత్రికలు ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ. రెండూ మద్రాసు నుంచే వచ్చేవి. పాత తెలుగు పత్రికల్ని ప్రెస్ అకాడమీ స్కాన్ చేయించింది, ఆ సంచికల కోసం వెతకండి. ఏయూలో (ఆంధ్ర విశ్వవిద్యాలయంలో) డాక్టర్ వి.ఎస్. కృష్ణా లైబ్రరీకి వెళ్ళాలంటే హెడ్‌మాస్టర్ లెటర్ ఒకటి పట్టుకెళ్ళి, ఏం కావాలో కచ్చితంగా చెప్పి అడగండి. "యుద్ధం గురించి పుస్తకాలు" అంటే ఎవరూ సాయం చేయలేరు. "1942 ఏప్రిల్ పత్రికలు" అంటే దారి చూపిస్తారు.

పాపకి రెండు జాగ్రత్తలు చెప్పండి. ఒకటి, యుద్ధకాలంలో వార్తల మీద ప్రభుత్వం ఆంక్షలు ఉండేవి. పత్రికలో "నష్టం స్వల్పం" అని ఉంటే అది నష్టం గురించి చెప్పే ఆధారం కాదు, ప్రభుత్వం ఏం చెప్పాలనుకుందో చెప్పే ఆధారం. రెండు, ఏఐ చాట్‌బాట్‌ని నమ్మొద్దు. ఆ దాడిలో ఎంతమంది చనిపోయారని ఒకదాన్ని అడిగాను. టక్కున సంఖ్య చెప్పింది. ఎక్కడిది అని అడిగితే ఒక పుస్తకం పేరిచ్చింది, ఆ పుస్తకం ఎక్కడా లేదు. కష్టమైన ఇంగ్లీష్ పేరా అర్థం చేసుకోవడానికి వాడుకోవచ్చు గానీ, అది చెప్పిన ఏ సంఖ్యా వ్యాసంలోకి రాకూడదు.

జియాలజీ మనిషి:

చరిత్ర కాకుండా సైన్స్ వైపు ఆసక్తి ఉన్న పిల్లల తల్లిదండ్రులు కూడా ఇది చదువుతూ ఉంటారని రాస్తున్నాను. ఆర్కే బీచ్ కంటే మంచి ప్రయోగశాల ఇంకోటి లేదు. నైరుతి రుతుపవనాల కాలంలో అలలు ఇసుకని తీరం వెంబడి ఉత్తరం వైపు మోసుకుపోతాయి. ఔటర్ హార్బర్ గోడలు దాన్ని దక్షిణాన ఆపేస్తాయి, అందుకే ఆర్కే బీచ్‌కి రావాల్సిన ఇసుక రాదు. పోర్టు వాళ్ళు డ్రెడ్జర్‌తో తవ్విన ఇసుకని ఇటు పోయిస్తుంటారు. గోడ మీద ఒక గుర్తు పెట్టుకుని అక్కడి నుంచి నీటి అంచు దాకా టేపుతో నెలకోసారి కొలిస్తే, ఏడాదికి ఒక పిల్లవాడి సొంత లెక్క తయారవుతుంది. పోటు, పాటు మాత్రం చూసుకోవాలి. ప్రతిసారీ ఒకే తిథికి, పాటు సమయంలోనే కొలవాలి, లేకపోతే అంకెలన్నీ వృథా. ఒంటరిగా పంపొద్దు, అలలు ఎక్కువగా ఉన్న రోజు అసలు వద్దు. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు కూడా మంచి అంశమే గానీ, అది రక్షిత ప్రదేశం. ఫొటోలు, బొమ్మలు, నోట్స్ వరకే, మట్టి తవ్వి తేకూడదు.

మీ పాపకి నా సలహా ఒక్కటే: ఒన్‌టౌన్ మ్యాప్ చేత్తో గీయించండి. ఎవరు ఏ వీధి గురించి చెప్పారో అందులో గుర్తు పెడితే, తనకే కొత్త ప్రశ్నలు పుడతాయి.

మురళీనగర్ నాన్న:

అందరికీ చాలా థ్యాంక్స్. మేడమ్ చెప్పినట్టే ప్రశ్నలు రాయించాను. సగానికి పైగా తనే కొట్టేసుకుంది. చివరికి మిగిలింది ఇది: "బాంబులు పడ్డాక ఒన్‌టౌన్ నుంచి పిల్లలున్న కుటుంబాలు ఎంతమంది వెళ్ళిపోయారు, ఎప్పుడు తిరిగొచ్చారు?" మా దూరపు బంధువు తాతగారు ఒకరు పాత పోస్టాఫీసు దగ్గర ఉంటారు, తొంభై మూడేళ్ళు. నిన్న వెళ్ళాం. పాప ఆవు గురించి అడగ్గానే ఆయన, "ఆవునెక్కడ వదిలీగలం తల్లీ, తాడట్టుకుని నడిపించుకునే ఎల్లిపోనాం" అని మొదలుపెట్టి గంటసేపు చెప్పారు. ఆయన కోడలు కూడా ఇవేవీ ఎప్పుడూ వినలేదట. మళ్ళీ బడికి ఎప్పుడెళ్ళారు తాతయ్యా అంటే మాత్రం, ఒకసారి దీపావళికి అన్నారు, ఇంకోసారి మరుసటి ఏడాది అన్నారు. ఇప్పుడు పాప దాని మీద పడింది. కచ్చితంగా ఎలా తెలుస్తుంది మేడమ్?

సోషల్ టీచర్, రిటైర్డ్:

చాలా సంతోషంగా ఉందండీ. తాతగారి రెండు జవాబులూ రాసుకోమనండి, ఒకటి కొట్టేయొద్దు.

ఈ ప్రశ్నకి ఒక కాగితం ఉంది. బడుల్లో అడ్మిషన్ రిజిస్టర్ అని ఉంటుంది. పిల్లవాడు ఎప్పుడు చేరాడు, ఏ తరగతి, ఎప్పుడు టీసీ తీసుకున్నాడు అన్నీ అందులో రాస్తారు, దాన్ని పారేయరు. ఒన్‌టౌన్‌లో నూరేళ్ళు దాటిన బడులు ఉన్నాయి. తాతగారు చదివిన బడి ఏదో కనుక్కుని, పాప బడి నుంచి లెటర్ తీసుకుని అక్కడి హెడ్‌మాస్టర్‌ని కలవండి. వాళ్ళ ఎదుటే కూర్చుని చూస్తామని, పేర్లేవీ రాసుకోబోమని, నెలవారీ లెక్క మాత్రమే తీసుకుంటామని చెప్పండి. పాత కాగితం పొడిపొడిగా రాలుతుంది, పేజీలు వాళ్ళనే తిప్పమనండి. ఒక బడిలో కుదరకపోతే ఇంకో బడి.

1942 ఏప్రిల్ నుంచి జూలై వరకు టీసీలు లెక్కపెట్టాలి. అయితే ఏటా వేసవిలో కొందరు టీసీలు తీసుకుంటూనే ఉంటారు. అందుకని 1940, 1941లో కూడా అవే నెలలు లెక్కపెట్టాలి, లేకపోతే పెరిగిందో లేదో తెలియదు. టీసీ తీసుకోకుండానే వెళ్ళిపోయినవాళ్ళు ఈ లెక్కలో కనపడరు, అలాంటివాళ్ళకి హాజరు పట్టీ దొరుకుతుందేమో అడగండి. తిరిగొచ్చినవాళ్ళ కోసం 1942 చివరి నుంచి 1944 దాకా కొత్త చేరికలు చూడాలి. తాతగారి పేరు అందులో కనపడితే, ఆయన అనుమతి తీసుకున్నాకే ఆ తేదీ వ్యాసంలో పెట్టమనండి. రిజిస్టర్ చూసి వచ్చాక ఇక్కడ రాయండి, పట్టిక ఎలా వేయాలో పాపకి చెప్తాను.